చీకటిపడితే తొట్లకొండ ఎదుటి రాళ్ల తీరాన్ని మూసేయాలా?

కొండనీడ
మొన్న పౌర్ణమి సాయంత్రం నేనూ మా చెల్లెలూ విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో మంగమారిపేట దగ్గర బస్సు దిగి, తొట్లకొండ ఎదురుగా ఉన్న రాళ్ల తీరానికి నడిచి వెళ్లాం. సముద్రం తొలిచిన శిలాతోరణం ఉన్నది అక్కడే. మన వైపు సూర్యుడు నీళ్లలో మునగడు కదా, వెనుక కొండల మీదికి జారిపోతాడు. ముందు ఇసుక నీడలోకి వెళ్లింది, తర్వాత రాళ్లు, ఆఖరున నీళ్లు. అంతలో ఎదురుగా చంద్రుడు రాగి పళ్లెంలా లేచాడు. మాటా పలుకూ లేకుండా కూర్చుండిపోయాం.

తిరుగు ప్రయాణంలో గుండె జారింది. వెళ్లేటప్పుడు పొడిగా ఉన్న దారిలో మోకాటి లోతు నీళ్లు. రాళ్లు పట్టుకుని దాటుతుంటే గుల్లల అంచు కోసుకుని చెల్లెలి అరచేయి నెత్తురోడింది. కేక వేసినా వినేవాళ్లు లేరు.

సాయంత్రం 6 దాటాక ఆ తీరానికి ఎవరినీ వెళ్లనివ్వకూడదని నా అభిప్రాయం. దిగే చోట గొలుసు కట్టి కాపలా పెట్టాలి. మీరేమంటారు?

పోటుపాటు
చెల్లెలి చేయి త్వరగా మానాలి. కానీ మీ పరిష్కారంతో నేను ఏకీభవించను. ఇరవై ఏళ్లుగా ఈ తీరంలో నడుస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

డిసెంబరు మొదట్లో విశాఖలో 5:20కే పొద్దు గుంకుతుంది. జూన్‌లో 6:30 దాటినా వెలుగుంటుంది. ఒక కాలంలో 6 అంటే చిమ్మచీకటి, మరో కాలంలో ఎండపొద్దు. పోనీ చీకటి సంగతి పక్కన పెడదాం. మిమ్మల్ని ఇబ్బంది పెట్టింది చీకటి కాదు, పోటు. పౌర్ణమికీ అమావాస్యకీ మన దగ్గర మధ్యాహ్నం బాగా తీసిన నీరు సాయంత్రమంతా పెరుగుతూ పోయి, రాత్రి భోజనాల వేళకు నిండుతుంది. ఆ రోజుల్లో ఆటుకూ పోటుకూ తేడా సుమారు మీటరున్నర. చదునైన ఇసుకలో అది తెలియదు. రాళ్ల సందుల్లో మాత్రం దారినే మింగేస్తుంది. అదే అష్టమి ప్రాంతంలో వెళ్లండి: సాయంత్రం నీరు వెనక్కి తీస్తూ ఉంటుంది, పోటు కూడా చిన్నదే.

పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. కాబట్టి ఏడాది పొడవునా ఒకే గంటకు కట్టే గొలుసు, ప్రమాదం లేని రోజున మనల్ని ఆపుతుంది, ఉన్న రోజున వదిలేస్తుంది. మధ్యాహ్నం 3కి పోటు నిండే రోజున మీ గొలుసు తెరిచే ఉంటుంది, గమనించండి. పోటువేళలను సర్వే ఆఫ్ ఇండియా ముందే లెక్కకట్టి ఏటా ముద్రిస్తుంది. కెరటాలు ఉద్ధృతంగా ఉండే రోజుల్లో హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ హెచ్చరికలు ఇస్తుంది. ఇంత సమాచారం చేతిలో ఉండగా దాన్ని రాళ్ల దగ్గరికి చేర్చకుండా, దారినే మూసేయడం నాకు అన్యాయంగా తోస్తోంది.

ఉప్పునీటి చుక్క
మీ లెక్కలు తప్పని అనను. కానీ ఒక మాట చెప్పనివ్వండి.

మా అక్క కొడుకు పంతొమ్మిదేళ్ల వయసులో మరో రాళ్ల తీరంలో పోయాడు. అక్కడ హెచ్చరిక బోర్డు ఉంది. ఆ బోర్డు పక్కన నిలబడి దిగిన ఫొటో వాడి ఫోనులో మిగిలింది. సముద్రం ప్రశాంతంగానే ఉందని వాడి స్నేహితులు చెప్పారు. చాలాసేపు చిన్న కెరటాలే వచ్చాయట, తర్వాత ఒక్కటి పెద్దది. నీళ్లలోకి దూకి వాణ్ని తెచ్చింది పక్క ఊరి జాలర్లు.

అష్టమి, పౌర్ణమి లెక్కలు మీకు తెలుసు. ఆ వయసు పిల్లలకు ఎవరు చెబుతారు? చెప్పినా ఎవరు వింటారు? గొలుసు వల్ల ఒక్క ఇల్లు నిలిచినా చాలు. మీ సాయంత్రపు నడక ఒక గంట ముందుకు జరిగితే ఏమవుతుంది?

వలకొస
మాది మంగమారిపేటే. మీరందరూ మా వాకిట్లో గొలుసు కట్టడం గురించి మాట్లాడుకుంటున్నారు కాబట్టి రాయక తప్పలేదు.

ముందుగా ఉప్పునీటి చుక్క గారికి: అమ్మా, మా నాన్న కూడా అలా ఇద్దర్ని ఒడ్డుకు తెచ్చాడు. ఒకరు బతికారు. ఆ రెండో అబ్బాయి గురించి ఆయన ఇప్పటికీ మాట్లాడడు. మీ బాధను తేలిగ్గా తీసుకోవడం లేదు.

అయినా చీకటిపడితే మూసేస్తామంటే మా మాటేమిటి? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం తప్పిస్తే, తెల్లవారుజామున ఇంకా చీకటి ఉండగానే మేం పడవల దగ్గరికి వెళ్తాం. నీరు తీసినప్పుడు మా అమ్మ, పిన్ని ఆ రాళ్ల మీదే ఆల్చిప్పలు ఏరతారు. కాపలావాడు మారినప్పుడల్లా మేం ఎవరమో చెప్పుకుంటూ నిలబడాలా?

మాకు నిజంగా నొప్పి కలిగించేది రాత్రిపూట వచ్చి సీసాలు పగలగొట్టి పోయేవాళ్లు. గాజు పెంకులు ఇసుకలో కూరుకుని ఉంటాయి, మేం చెప్పులు లేకుండా నడుస్తాం.

ఇక నీటి సంగతి. మా ఇంట్లో ఎవరూ గడియారం చూడరు, రాయిని చూస్తారు. కింద పచ్చటి పాచి, దానిపైన గరుకు గుల్లలు, ఆ పైన నల్లటి చార, ఆపైన ఉత్త రాయి. మీరు కూర్చున్న చోట గుల్లలు ఉంటే అది సముద్రం చోటు. ఈ పూట కాకపోతే రేపు వచ్చి తీసుకుంటుంది. నల్ల చార దాటి పైన కూర్చోండి, వెనక్కి వెళ్లే దారిలోనూ ఆ చార ఎక్కడుందో చూసుకోండి. చిన్నప్పుడు మా తాత నా చేయి పట్టుకుని ఆ చార మీద వేలితో గీయించాడు.

రాతిపొర
భూగర్భశాస్త్రం బోధిస్తాను. ఆ తోరణం ఎక్కడాన్ని పగలూ రాత్రీ పూర్తిగా ఆపాలి. విశాఖ కొండలు ఎక్కువగా ఖోండలైటు రాయి. చూడటానికి గట్టిగా ఉన్నా గాలికీ వానకీ ఉప్పుకీ పొరలుపొరలుగా చివికిపోతుంది. పైకెక్కి గెంతే ప్రతి కాలూ పగుళ్లకు భారమే. తీరమంతా మూయనక్కరలేదు, తోరణం చుట్టూ కంచె వేస్తే చాలు. దయచేసి రాళ్ల మీద రంగుతో గీతలు గీయమని మాత్రం ఎవరూ సలహా ఇవ్వకండి.

తాబేటి అడుగు
జనవరి నుంచి మార్చి వరకు ఆ రాళ్లకు అటూ ఇటూ ఉన్న ఇసుకలోకి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలు ఎటు వెలుతురు ఎక్కువగా ఉంటే అటు పాకుతాయి. ఫోను దీపాలు వెలిగిస్తే సముద్రానికి బదులు రోడ్డు వైపు నడుస్తాయి. ఆ నెలల్లో రాత్రి నడకలు వద్దనే నా ఓటు. మిగతా కాలంలో పోటుపాటు గారి మాటే సరైనది.

కొండనీడ
గొలుసు మాట వెనక్కి తీసుకుంటున్నాను. వలకొస గారు చెప్పింది చదివాక ఆ సాయంత్రం ఫొటోలు మళ్లీ చూశాను. మేం కూర్చున్న రాయి నిండా గుల్లలే. చార మా తలల కన్నా పైన ఉంది.

అయితే ఉప్పునీటి చుక్క గారి ప్రశ్నకు ఇక్కడ ఎవరూ జవాబివ్వలేదు. నా దగ్గరా పూర్తి జవాబు లేదు. పౌర్ణమి, అమావాస్య సాయంత్రాల్లోనూ, కెరటాల హెచ్చరిక ఉన్న రోజుల్లోనూ దిగే చోట మనిషి కాపలా ఉండాలి. తోరణం చుట్టూ కంచె కూడా వేయాలి. మిగతా రోజుల్లో ఆ పూట పోటు ఎన్ని గంటలకో రాసిన బల్ల ఒకటి రోడ్డు పక్కనే ఉండాలి.

ఉప్పునీటి చుక్క
ఆ రోజుల్లో మనిషి ఉంటాడంటే ఒప్పుకుంటాను. బల్ల మీద నాకు నమ్మకం లేదు. అయినా పెట్టండి.

పోటుపాటు
అచ్చు వేసిన బోర్డును ఎవరూ చదవరు, నిజమే. ఏ రోజుకారోజు చేత్తో రాసింది చదువుతారని నా ఆశ. కానీ రోజూ రాసేదెవరు?

వలకొస
మోకాళ్ల నొప్పులతో నాన్న వేటకు వెళ్లడం మానేసి రెండేళ్లయింది. పొద్దున్నే రోడ్డు పక్క టీకొట్టు దగ్గరే కూర్చుంటాడు. అడిగాను, రాస్తానన్నాడు. పాత నల్లబల్ల ఒకటి మా ఇంట్లోనే ఉంది. వచ్చేవాళ్లెవరైనా సుద్దముక్కలు తెచ్చిపెట్టండి.