ఆర్వో ఏఎంసీ: అడక్కుండానే మళ్లీ డబ్బు కట్ అయింది, ఎట్ల ఆపాల?

తిరుపతిలో సొంతిల్లు, బోరు నీళ్లు. పోయినేడు ఆర్వో నీళ్ల ఫిల్టర్‌కి ఏఎంసీ (ఏడాది సర్వీసు కాంట్రాక్టు) కట్టేటప్పుడు మెకానిక్ నా ఫోన్లో యూపీఐ ఆటోపే ఓకే చేయించినాడు. ఈ నెల 4,720 కట్ అయింది. ఆటోపే తీసేస్తే సరిపోతుందా? డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు 1:
ఆటోపే తీసేస్తే వచ్చే ఏడు డబ్బు పోదు, అంతే. ఇప్పుడు మొదలైన కాంట్రాక్టు అట్లనే ఉంటుంది. రెండూ విడివిడిగా రద్దు చేయాల.

యూపీఐ యాప్‌లో ప్రొఫైల్, ఆటోపే, కంపెనీ పేరు నొక్కి రద్దు చేసి పిన్ కొట్టండి. ‘పాజ్’ నొక్కొద్దు, అది తాత్కాలికమే. రద్దయినట్టు వచ్చిన స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకోండి. 15,000 లోపు మొత్తానికి ప్రతిసారీ పిన్ అడగదు, అందుకే తెలియకుండా పోయింది. కానీ కట్ చేసే 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వు బ్యాంకు నిబంధన. పాత ఎస్ఎంఎస్‌లు వెతకండి.

జవాబు 2:
ఈ రోజే కంపెనీకి మెయిల్ పెట్టండి, ఫోన్లో చెప్పిన మాటకు రుజువు ఉండదు. కాంట్రాక్టు నంబరు, కట్ అయిన తేదీ, మొత్తం, "కొత్త గడువులో ఒక్క సర్వీసూ తీసుకోలేదు, రద్దు చేసి డబ్బు వాపసు ఇవ్వండి" అని రాయండి. ముఖ్యంగా, ఇది తేలేదాకా మెకానిక్‌ను ఇంట్లోకి రానీయొద్దు. ఒక్కసారి ఫిల్టర్ మార్చి సంతకం తీసుకుంటే మీ మాట పలచబడిపోతుంది.

జవాబు రాకుంటే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. రద్దు చేసుకునే దారిని కావాలని మెలికలు తిప్పడాన్ని 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను బురిడీ కొట్టించే ఎత్తుగడలు) మార్గదర్శకాలు ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ అంటాయి. మీకూ అట్ల చేస్తే ఆ మాట ఫిర్యాదులో పెట్టండి.

జవాబు 3:
అసలు ఏఎంసీ కావాల్నా చూసుకోండి. 4,720లో 720 జీఎస్టీనే. కాంట్రాక్టు కాగితంలో మెంబ్రేన్ (నీళ్లలో ఉప్పును ఆపే పొర) ఉందో లేదో చదవండి, ఖరీదైన భాగం అదే, చాలా ప్లాన్లలో ఉండదు. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) కొలిచే మీటరు ఒకటి కొని, బోరు నీళ్లూ ఫిల్టర్ నీళ్లూ కొలవండి. టీడీఎస్ అడ్జస్టర్ (ఫిల్టర్ నీళ్లలో కొంచెం బోరు నీళ్లు కలిపే మర) ఉంటే ముందు పూర్తిగా మూసేయండి. లోపలికి 900 పోయి బయటికి 90 వస్తుంటే మెంబ్రేన్ బాగానే ఉంది. 300 వస్తుంటే మార్చాల్సిందే. సెడిమెంట్, కార్బన్ ఫిల్టర్లు మార్చే ఖర్చు బయట అడిగి, ఈ 4,720 పక్కన పెట్టి చూడండి.