థిన్ ఫిల్మ్స్ చేసినవాళ్లు నానో మందుల వైపు రావచ్చా?

గచ్చిబౌలి_ఫిజిక్స్: ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్. ప్రాజెక్టు జింక్ ఆక్సైడ్ థిన్ ఫిల్మ్ ట్రాన్సిస్టర్ల మీద. పీహెచ్‌డీలో నానోపార్టికల్స్‌తో మందు పంపే పని చేయాలనుంది. ఇంటర్‌లో ఎంపీసీ, బయాలజీ రాదు. కుదురుతుందా?

తార్నాక_అక్క: నిక్షేపంగా రా తమ్ముడూ, నేనొచ్చిందీ ఆ దారినే. లైపోజోమ్‌లంటే మందుని లోపల మోసే అతి చిన్న కొవ్వు గోళాలు. వాటి తయారీలో పాత పద్ధతి మొదలయ్యేదే పలచటి పొరతో, అంటే థిన్ ఫిల్మ్‌తో. లిపిడ్‌ని (కొవ్వు పదార్థాన్ని) క్లోరోఫామ్‌లో కరిగించి, ద్రావకాన్ని ఆవిరి చేసే రోటావేపర్‌లో తిప్పితే ఫ్లాస్కు గోడకి మసక పొర పడుతుంది. గోరువెచ్చటి బఫర్ ద్రావణం పోసి తిప్పితే ఆ పొర ఉబ్బి, ఊడి, గోళాలుగా ముడుచుకుంటుంది. తర్వాత 100 నానోమీటర్ల రంధ్రాలున్న మెంబ్రేన్ గుండా పదేపదే తోస్తాం. పాలలా ఉన్నది తేటపడి లేత నీలి ఛాయ వస్తుంది. అది చూస్తే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 1995లో అమెరికాలో అనుమతి పొందిన డాక్సిల్ కూడా లైపోజోమే. అందులో ఉండే క్యాన్సర్ మందు డాక్సోరూబిసిన్ వల్ల గుండెకి జరిగే చేటు దాంతో తగ్గింది.

ఉప్పల్_ఫార్మసీ: అక్కా, ఇవి నేరుగా కణితికే పోతాయంటారు, నిజమేనా?

తార్నాక_అక్క: నేరుగా ఏం పోవమ్మా. చాలా భాగాన్ని కాలేయం, ప్లీహమే పట్టేస్తాయి. కణితి రక్తనాళాల సందుల్లోంచి కారి కొంత చేరుతుంది. ఎలుకల్లో ఇది బాగా కనిపిస్తుంది, మనుషుల్లో ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది. అసలు కష్టమైన పనంతా అక్కడే ఉంది, నాకు ఇష్టమైనదీ అదే. తమ్ముడూ, ఉపరితలాల సంగతి నీకు ముందే తెలుసు, అది పెద్ద బలం. సెల్ కల్చర్ (ల్యాబ్‌లో కణాల్ని పెంచడం) మాత్రం చేరిన మొదటి ఏడాదే చేత్తో చేసి నేర్చుకో.