సావేజ్ .45 ట్రయల్ పిస్టల్‌కు మళ్ళీ బ్లూయింగ్ వేయించడం తప్పా?

పాతఇనుము:
1907లో మొదలైన అమెరికా సైనిక పరీక్షల కోసం సావేజ్ కంపెనీ చేసిన .45 (తూటా వెడల్పు సుమారు 0.45 అంగుళం) పిస్టల్ సంగతి ఇది. ఎల్బర్ట్ సెర్ల్ డిజైన్, న్యూయార్క్ రాష్ట్రం యుటికాలో తయారీ. సైన్యం తీసుకున్నవి 200. అన్నీ కలిపినా 300 లోపే. పరీక్షలయ్యాక చాలావాటిని సావేజే తిరిగి కొని, కొత్తగా బ్లూయింగ్ (ఉక్కుకు తుప్పు పట్టకుండా వేసే నీలి నలుపు పూత) వేసి బయట అమ్మింది. కంపెనీయే మొదటి పూత తీసేసినప్పుడు, తుప్పు మచ్చలు పడ్డదాన్ని మంచి పనివాడికిచ్చి 1908 నాటి రూపానికి తెప్పించుకుంటే తప్పేంటి?

భూతద్దం:
తప్పేనండి. సావేజ్ వేసిన రెండో పూత ఆ పిస్టల్ సైన్యం నుంచి ఎలా బయటికొచ్చిందో చెబుతుంది. ఇప్పుడు వేయించేది ఏమీ చెప్పదు, పైగా ఉన్నది చెరిపేస్తుంది. బఫింగ్ చక్రం (పాలిష్ పట్టే చక్రం) తగలగానే స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) అంచులు గుండ్రమవుతాయి, పిన్ను రంధ్రాల చుట్టూ గుంట పడుతుంది, అక్షరాలు పలచబడతాయి.

పది రెట్ల లెన్సుతో చూడండి. ముద్ర గుద్దినప్పుడు అక్షరం చుట్టూ లోహం కొద్దిగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు వేలికి తగిలితే అక్కడ పాలిష్ పడలేదన్నమాట. తుప్పు గుంట అడుగున కూడా బ్లూయింగ్ ఉంటే, తుప్పు ముందు, పూత తరవాత. ఈ ఒక్క గుర్తు చాలాసార్లు తగువు తేల్చేస్తుంది.

యుటికా:
ఏ పద్ధతిలో వేస్తారన్నది ఇంకా ముఖ్యం. ఇప్పుడు ఎక్కువ షాపుల్లో చేసేది సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాగే కాస్టిక్, నైట్రేట్ ద్రావణంలో ముంచడం. 1908 నాటి పూత రంగు దాంతో రాదు. గట్టిపరచిన చిన్న భాగాలు ఒక్కోసారి వంకాయ రంగుకు తిరుగుతాయి. సందుల్లో మిగిలిన ఉప్పు నెలల తరవాత తెల్లగా ఊరి కొత్త తుప్పు తెస్తుంది.

పాతఇనుము:
రంగు సంగతి ఒప్పుకుంటాను. కానీ ఎర్ర తుప్పు తింటూ ఉంటే చూస్తూ కూర్చోమంటారా?

నూనెగుడ్డ:
కూర్చోనక్కర్లేదు. ముందు ఛాంబర్ (పేలే తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందో లేదో చూసి, మ్యాగజైన్ తీసేయండి. వాల్‌నట్ గ్రిప్పులు విడిగా పెట్టండి. నూనె తగిలితే చెక్క నల్లబడుతుంది. పలచటి నూనె రాసి ఒక రోజు వదలండి. తరవాత కంచు ఊలుతో (సన్నటి కంచు తీగల ఉండతో), ఎక్కడ ఎర్రగా రేగుతోందో అక్కడే, బరువు వేయకుండా రుద్దండి. గోధుమ రంగులో గట్టిపడిన పొర జోలికి పోవద్దు, అది నిలకడగా ఉన్న పొర. నూనె పూర్తిగా తుడిచి మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా పట్టించండి. గాలిలో తేమ 50 శాతం లోపు ఉంచండి. తోలు హోల్‌స్టర్‌లో మాత్రం పెట్టి ఉంచకండి. తోలులోని ఆమ్లం, తేమ కలిసి లోహాన్ని తింటాయి. తుప్పు పట్టిన ట్రయల్ పిస్టల్ ఏదైనా ఎదురైతే నేను ముందు అనుమానించేది హోల్‌స్టర్‌నే.

పాతఇనుము:
మరి స్ప్రింగో, పగిలిన గ్రిప్పో మార్చాల్సి వస్తే? అదీ వద్దంటే పిస్టల్ అసంపూర్ణంగా మిగిలిపోతుంది.

భూతద్దం:
మార్చుకోండి, కాకపోతే మళ్ళీ వెనక్కి తీయగలిగేలా మార్చండి. కొత్త భాగం లోపలివైపు తేదీ వేయించండి. పాత ముక్కను సంచిలో పిస్టల్‌తోనే ఉంచండి. సావేజ్ .32 భాగాలు .45కి సరిపోవు, కాబట్టి ప్రతి భాగమూ విడిగా చేయించాల్సిందే. అందుకే బోల్టు, స్లైడ్ లాంటి పెద్ద భాగాలకు చెయ్యి పెట్టొద్దంటున్నాను.

యుటికా:
1911 మార్చిలో 6,000 తూటాల తుది పరీక్షలో సావేజ్ 37 సార్లు మొరాయించింది, పోటీలో ఉన్న కోల్ట్ కంపెనీ పిస్టల్ ఒక్కసారీ లేదు. గెలిచిన కోల్ట్ లక్షల్లో తయారైంది. ఓడినదానికి మిగిలినవి ఇవే. ఒక్క ముద్ర అరిగినా సరిపోల్చి చూడ్డానికి మరో పిస్టల్ దొరకడం కష్టం.

పాతఇనుము:
ఎర్ర తుప్పు వరకు నూనెగుడ్డ గారి పద్ధతే సరే. కానీ ఏదో కాలంలో ఎవరో పూర్తిగా బఫ్ చేసి, అక్షరాలు సగం పోగొట్టిన పిస్టల్‌కు కూడా ఇదే నియమం అంటే ఒప్పుకోను. కాపాడుకోవలసిన ఉపరితలం దాని మీద మిగలలేదు.

భూతద్దం:
మిగిలిన సగం అక్షరాలు ఉన్నాయి కదండీ. వాటి మీద రెండోసారి చక్రం తిప్పమంటారా?