సమస్యాపూరణం: చివరి బెంచీయె తరగతి శిఖర మయ్యె

నిర్వహణ:

ఫిబ్రవరి చివరికొచ్చింది. బళ్లలో తొమ్మిదో తరగతి పిల్లలు చందాలు పోగేసి పదో తరగతి వాళ్లకు వీడ్కోలు విందు ఇచ్చే రోజులివి. సమోసా, కేకు ముక్క, కాగితపు గ్లాసులో కూల్‌డ్రింకు. ఆటోగ్రాఫ్ పుస్తకాలు చేతులు మారతాయి, చొక్కాల మీద ఇంకు పడుతుంది. మర్నాటి నుంచి మళ్లీ స్టడీ అవర్స్, మార్చిలో పబ్లిక్ పరీక్షలు. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పినన్నాళ్లూ ఈ సభలకు ముందు వరసలోనే కూర్చున్నాను. ఎవరు ఏం మాట్లాడారో చాలావరకు మరిచిపోయాను. చివరి వరసలోంచి వచ్చిన కేకలు మాత్రం ఇప్పటికీ వినిపిస్తాయి. అందుకే ఈ వారం సమస్య ఇది:

*చివరి బెంచీయె తరగతి శిఖర మయ్యె*

తేటగీతి పద్యంలో చివరి పాదం ఇది. దీని గణాలు, అంటే లఘుగురువుల (పొట్టి, పొడుగు అక్షరాల) గుంపులు: చివరి (న), బెంచీయె (త), తరగతి (నల), శిఖర (న), మయ్యె (హ). ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన మైత్రి: చి, శి. ప్రాస (పాదాలన్నిటా రెండో అక్షరం ఒకటే కావడం) అక్కర్లేదు, యతికి బదులు ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలపడం) వేసుకోవచ్చు. పై మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూర్తిచేయాలి, అదే పూరణ.

ఒక్క మాట. అందరికంటే వెనకున్నది అందరికంటే పైకి ఎలా వెళ్లింది? ఆ చిక్కు విప్పాలి. విప్పేటప్పుడు మీ బడిలో మీ కంటితో చూసినదాన్ని పద్యంలో పెట్టండి.

పెన్నా తీరం:

పూరణకు ముందు ఒక సందేహం టీచరు గారూ. "తరగతి శిఖరము" వైరి సమాసం (తెలుగు మాటనూ సంస్కృతం మాటనూ కలిపిన తప్పు సమాసం) కాదా? "బెంచీ" లాంటి ఇంగ్లీషు మాట పద్యంలో వాడవచ్చా?

నిర్వహణ:

అక్కడ సమాసమే లేదండి. తరగతి యొక్క శిఖరం అని విడిగా చదువుకోండి. ఆ మాట షష్ఠిలో కూడా అదే రూపంలో ఉంటుంది. ఇక బెంచీ మన నోట్లో నలిగి తెలుగైపోయి ఎన్నాళ్లయింది! దాన్ని "పీఠిక" చేస్తే ఆ బెంచీ మీద కూర్చున్న పిల్లవాడే గుర్తుపట్టడు.

పెన్నా తీరం:

సరేనండి. నా పూరణ:

నిద్రపోవుచు నుండెడి నేస్త మొకడు
పదికి పది తెచ్చి చూపించె ఫలిత మందు,
మెచ్చి పంతులు పిలువగ మేటి యనుచు
చివరి బెంచీయె తరగతి శిఖర మయ్యె.

నిర్వహణ:

గణాలు, యతులు అన్నీ కుదిరాయి. "మేటి" అన్న పిలుపు బాగుంది. అయితే కథ కాలానికి కుదరలేదు. వీడ్కోలు నాటికి ఫలితాలెక్కడివి? అవి వచ్చేది ఏప్రిల్‌లోనో మేలోనో. అప్పటికి బెంచీలు ఖాళీ, పంతులుగారు సెలవుల్లో. మరొకటి, వెనకబెంచీ వాడికి మార్కులు రావడం అందరికీ ముందుగా తట్టే ఊహ. మీ నేస్తం అసలు ఏం చేశాడో చెప్పండి.

పెన్నా తీరం:

నిజం చెబుతాను. వాడు నిద్రపోయేవాడన్నది నిజమే. ఫిబ్రవరిలో స్లిప్ టెస్టు పెట్టి పద్యం అప్పజెప్పమంటే కళ్లు నులుముకుంటూ లేచి, భావంతో సహా ఎక్కడా ఆగకుండా చెప్పాడు. క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. వాళ్ల నాన్న హరికథలు చెబుతారని ఆరోజే మాకు తెలిసింది. రెండో పాదం ఇలా మారుస్తున్నాను:

పదికి పది తెచ్చి చూపించె పద్య మందు

నిర్వహణ:

ఒక్క మాట మారింది, పద్యం లేచి నిలబడింది. ఇప్పుడు పంతులుగారు పిలవడానికీ చోటుంది, వెనక్కి తిరిగిన ఆ తలలన్నీ నాకు కనిపిస్తున్నాయి.

సుద్దముక్క:

నల్లబల్లను మాకిచ్చి నవ్వుకొనుచు
గురువు తానేగి మా చోట కూరుచుండ,
సుద్ద పట్టిన నా చేయి చూడ వణకె,
చివరి బెంచీయె తరగతి శిఖర మయ్యె.

నిర్వహణ:

చాలా బాగుంది. శిఖరం అంటే గురువు ఉన్న చోటు అని విప్పారు. మార్కుల జోలికి పోలేదు. "గురువు", "కూరు" యతి నిండుగా ఉంది. సెప్టెంబరు 5న స్వయంపాలన పేరుతో పిల్లలు పాఠాలు చెప్పడం అన్ని బళ్లలోనూ ఉన్నదే, ఆరోజు చీరలు కట్టుకుని, టక్ చేసుకుని వస్తారు. ఇది అది కాదనుకుంటాను?

సుద్దముక్క:

కాదండి. ఆఖరి క్లాసు. సోషల్ సారు పుస్తకం మూసేసి, "ఐదేళ్లు నేను చెప్పాను, ఇవాళ మీరు చెప్పండి, నేను వింటాను" అని వెనక్కి వెళ్లి కూర్చున్నారు. ఆయన పొడగరి. మోకాళ్లు బల్లకింద పట్టలేదు, పక్కకు పెట్టుకున్నారు. నన్ను పిలిస్తే సుద్ద పట్టుకుని ఏం రాయాలో తోచక తేదీ రాశాను.

గోదారి గట్టు:

మొదటి రెండు పాదాల్లో "మా", మూడో పాదంలో "నా". వచనం మారింది కదా, దోషమా?

నిర్వహణ:

దోషం కాదండి. నల్లబల్ల క్లాసందరిదీ, వణికిన చేయి ఒక్కరిది. నాకు ఉన్న చింత వేరు. "చూడ" ఎవరు చూడగా? గురువు చూడగా అని రెండో పాదం నుంచి లాక్కోవాలి. లాక్కోవచ్చు, కానీ చెయ్యే చూసి వణికిందేమో అనిపిస్తుంది ఒక్క క్షణం. అయినా నేనైతే మార్చను. తేదీ రాసిన సంగతి మాత్రం ఇంకో పద్యంలో పెట్టండి, వదలకండి.

పదో తరగతి ఎ సెక్షన్:

నమస్తే మేడం. నేను ఈ ఏడే పది రాస్తున్నా. పద్యం రాయడం మొదటిసారి. మా సెండాఫ్ ఎల్లుండి. తప్పులుంటే చెప్పండి.

గోడ దూకిన రోజులు తలచుకొంటు
నలుగు రొక డబ్బ పులిహోర నమిలినట్టి
చోటు విడనాడి పోలేక చూచుచుండ
చివరి బెంచీయె తరగతి శిఖర మయ్యె.

నిర్వహణ:

రా నాయనా, రా. మొదటిసారికే గణాలు ఇంత శుభ్రంగా వేసినవాడిని ఈ మధ్య చూడలేదు. రెండో పాదానికి నీకు నూటికి నూరు. "నలుగురు + ఒక" కలిపి "నలుగురొక" అన్నావు, ఉకారసంధి దానంతటదే పడింది. పులిహోర వాసన కూడా వస్తోంది.

తప్పు ఒక్కటే, మొదటి పాదంలో యతి. పాదం మొదటి అక్షరం "గో". నాలుగో గణం "తలచు", దాని మొదటి అక్షరం "త". ఆ రెంటికీ మైత్రి లేదు. "గో"కి క, ఖ, గ, ఘల్లో ఏదో ఒకటి కావాలి, దానికి ఉ, ఊ, ఒ, ఓల్లో ఒక అచ్చు ఉండాలి. పాదం పైకి చదువు, "రోజులు" దగ్గర ఒక్క క్షణం ఆగు, అక్కడ "గు"తో మొదలయ్యే మాట ఏదైనా తడుతుందేమో చూడు. నేను చెప్పను.

పదో తరగతి ఎ సెక్షన్:

"గోడ దూకిన రోజులు గుర్తు కొచ్చి". సరిపోయిందా మేడం?

నిర్వహణ:

సరిపోయింది. "తలచుకొంటు" కంటే ఇదే నీ నోటిమాట కూడా.

సుద్దముక్క:

తమ్ముడూ, పులిహోర డబ్బా ఎవరిది?

పదో తరగతి ఎ సెక్షన్:

నాది కాదన్నా. నాకు ఎప్పుడూ మధ్యాహ్న భోజనమే. శుక్రవారం శుక్రవారం ఆ డబ్బా తెచ్చేవాడి అమ్మ నలుగురికీ సరిపడా కట్టి పంపేది.

మానేరు గాలి:

మాది 2020 బ్యాచ్, కరీంనగర్ దగ్గర. పూరణలో నవ్వు లేదు, ఏమనుకోకండి.

మూడు పేపర్లు రాయగ మూత బడెను,
వీడుకోలును లేదాయె విందు లేదు,
తలుపు తెరచిన నాడేగి తడిమి చూడ
చివరి బెంచీయె తరగతి శిఖర మయ్యె.

పదకొండు పేపర్లకు మూడే రాశాం. లాక్‌డౌన్ వచ్చింది. జూన్‌లో మిగతావి రద్దు చేసి, ఇంటర్నల్ మార్కుల మీద గ్రేడ్లు ఇచ్చి అందరినీ పాస్ చేశారు. మా సెండాఫ్ పరీక్షలయ్యాక పెట్టుకుందామనుకున్నాం. టీసీ కోసం ఒక్కొక్కరం మాస్కుతో వెళ్లి వచ్చాం. ఇద్దరం కలవలేదు.

నిర్వహణ:

ఏమనుకోవడం కాదు, ఈ పద్యం ఇక్కడ ఉండవలసిందే. "తడిమి చూడ" దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఖాళీ గదిలోకి వెళ్లిన పిల్లవాడు చేసేది అదే. బెంచీ మీద కంపాస్ ములికితో చెక్కిన పేర్లు వేళ్లకు తగులుతాయి. పక్కన మనిషి లేడు కనుక ఆ గీతలే మనుషులు. శిఖరం అన్న మాటకు ఇంత బరువు ఉందని సమస్య ఇచ్చినప్పుడు నాకు తోచలేదు.

చిన్న లోటు: మొదటి పాదంలో ఏది మూతపడింది? బడి అన్న మాట పద్యంలో ఎక్కడా రాలేదు. "మూడు పేపర్లు రాయగ మూసిరి బడి" అంటే ఎలా ఉంటుంది? మూసి (హ), రిబడి (న). యతి చెడదు.

మానేరు గాలి:

తీసుకున్నానమ్మా. మీరన్న పేర్లలో నాది లేదు. చెక్కుదామని ఆఖరి రోజు దాకా ఆగాను.

గోదారి గట్టు:

నా వంతు. మాది 1994 బ్యాచ్.

గ్రూపు ఫోటొకు మాష్టర్లు కుర్చి నుండ,
పొట్టివారలు నేలపై బుద్ధి నుండ,
వెనుక నిలిచిన మావాళ్లు వేడ్క నెక్క
చివరి బెంచీయె తరగతి శిఖర మయ్యె.

నిర్వహణ:

ఇదీ పూరణంటే! అందరం శిఖరానికి ఉపమానాలు వెతుకుతుంటే మీరు బెంచీనే ఆవరణలోకి మోయించి, పిల్లల్ని దానిమీద ఎక్కించారు. చిక్కు ఉన్నదున్నట్టుగా విడిపోయింది. "గ్రూ"కు "కు" యతి, "పొ"కు "బు" యతి. కుర్చీ, నేల, బెంచీ అని మూడు ఎత్తులు మూడు పాదాల్లో వచ్చాయి, చదువుతుంటే ఫొటో కట్టించినట్టే ఉంది. "ఫోటొకు" అని కుదించడం వ్యవహారంలో ఉన్నదే, తప్పు పట్టను. ఈ వారం మేటి పూరణ ఇదే.

గోదారి గట్టు:

ధన్యవాదాలండి. ఆ ఫొటోలో రెండో వరసలో ఒకడి తల మీద రెండు వేళ్లు కొమ్ముల్లా ఉంటాయి. ఎవడు పెట్టాడో ముప్పై ఏళ్లుగా ఎవరూ ఒప్పుకోలేదు. ఆ కొమ్ములవాడు నా ఆటోగ్రాఫ్ పుస్తకంలో ఆటవెలది పద్యం రాసిచ్చాడు. సమస్యతో సంబంధం లేకపోయినా ఇక్కడ పెడుతున్నాను:

గీత గీసి బెంచి కిటు రాకు మంటివి,
తగిలె చేయి యంచు తన్నితివిగ,
నేడు నీవె దాటి నిలుచుంటి విటువైపు,
కంటి తడికె గీత కరగి పోయె.

నిర్వహణ:

పదిహేనేళ్ల పిల్లవాడు! "తన్నితివిగ"లో ఆ చివరి "గ" చూడండి, నవ్వూ నిష్ఠూరమూ రెండూ అందులోనే. బందరు హైస్కూల్లో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు తెలుగు పండితులుగా ఉన్నప్పుడు విశ్వనాథ సత్యనారాయణ గారు ఆయన శిష్యులు. బడిపిల్లల నోట పద్యం ఆడిన కాలం అదొక్కటే అనుకుంటారు చాలామంది. 1994లో ఆటోగ్రాఫ్ పుస్తకంలో కూడా ఆడిందన్నమాట. ఆ మిత్రులు ఇప్పుడు పద్యాలు రాస్తున్నారా?

గోదారి గట్టు:

లారీలు తిప్పుతాడండి. మీ మాట చదివి వినిపిస్తాను.

పదో తరగతి ఎ సెక్షన్:

మేడం, ఈరోజు సెండాఫ్ అయింది. స్టేజీ మీద నా పద్యం చదివాను. నాలుగో పాదం రెండోసారి అందరూ కలిసి చదివారు. తర్వాత గ్రూప్ ఫొటో. పై వరస నిలబడ్డానికి ఎత్తు చాలలేదంటే గోదారి గట్టు గారి పద్యం గుర్తొచ్చి, మా బెంచీ తెస్తామన్నాం. నలుగురం మోశాం. గుమ్మం దగ్గర పక్కకు తిప్పాల్సి వచ్చింది. అప్పుడు అడుగున ఎప్పుడో అతికించిన బబుల్‌గమ్ నా వేళ్లకు తగిలింది. గట్టిపడిపోయి రాయిలా ఉంది. అది నాదే.