అప్‌డేట్: కంటి ఆపరేషన్ జెల్స్‌లో హెచ్‌పీఎంసీ ఏ గ్రూపు అని అడిగాను కదా

పోయిన వారం అడిగింది నేనే. శుక్లాల ఆపరేషన్‌లో వాడే జెల్స్‌ని కొహీసివ్ (ముద్దగా కలిసి ఉండేవి), డిస్పర్సివ్ (ముక్కలుగా విడిపోయేవి) అని విడగొట్టమంటే, 2 శాతం హెచ్‌పీఎంసీ (హైడ్రాక్సీప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్ జెల్) చేతికి జిగటగా తగిలింది కాబట్టి కొహీసివ్‌లో రాసేశాను, మేడమ్ ఎర్ర ఇంకుతో కొట్టేశారు, ఎందుకో అర్థం కాలేదు.

మీలో చాలామంది చెప్పిందే కరెక్ట్. చిక్కగా ఉందా పల్చగా ఉందా అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, లాగినప్పుడు ముద్దగా కలిసి వస్తుందా, ముక్కలు ముక్కలుగా విడిపోతుందా అన్నది కూడా చూడాలి. హీలాన్ అనే కొహీసివ్ జెల్‌లో ఉండే హైలురోనేట్ అణువుల గొలుసులు చాలా పొడవు, ఒకదానికొకటి చుట్టుకుని ఉంటాయి, అందుకే సక్షన్ పెట్టగానే సేమియా ముద్దలా మొత్తం ఒకేసారి వచ్చేస్తుంది. హెచ్‌పీఎంసీ గొలుసులు పొట్టివి, విడిపోతాయి, అంటే డిస్పర్సివ్. విస్కోట్ అనే జెల్ కూడా అదే గ్రూపు. ఈ రకం జెల్ కార్నియా లోపలి పొరకు అంటుకుని ఫేకో (అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి తీయడం) జరిగేటప్పుడు ఆ కణాలను కాపాడుతుంది, కానీ పూర్తిగా తీయడానికే ఓపిక కావాలి. కొహీసివ్ తీయడం సులువే, అలాగని లోపల వదిలేస్తే కంటి ప్రెషర్ పెరుగుతుంది (ఈ పాయింటు వైవాలో అడిగారు, బతికిపోయాను).

హీలాన్5 అనే జెల్ గురించి అడిగిన తమ్ముడికి: అది రెండింట్లోనూ పడదు. ఆపరేషన్‌లో కంట్లోకి పంపే ద్రవం ఫ్లో తక్కువుంటే బాగా చిక్కటి కొహీసివ్‌లా ఉంటుంది, ఫ్లో పెంచితే ముక్కలవుతుంది, అందుకే విస్కోఅడాప్టివ్ అని విడిగా పెట్టారు.

మార్కులు మాత్రం కలపలేదు.