రెండు చెరువులకూ మ్యూజియంలో చోటుంటుందా?

ఒంగోలు మాస్టారు:
అన్ని మతాల, కులాల చరిత్రనూ ఒకే కప్పు కింద చూపే మ్యూజియం మన ప్రాంతంలో ఉంటే పిల్లలకు కలిసి బతకడం అలవడుతుందా, లేక అది అద్దాల బీరువాల మధ్య ఒక పూట విహారంగానే మిగులుతుందా?

పెన్నా తీరం:
అక్కర లేదంటాను. మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువులో దిగి, కోరిక నెరవేరినవారు ఇచ్చే రొట్టెను అదే కోరిక ఉన్నవారు అందుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె అని అడుగుతారు గానీ ఇచ్చే చెయ్యి ఏ మతానిదో అడగరు. ఇంతకుమించి మ్యూజియం ఏం నేర్పుతుంది? పైగా ఉన్నవాటినే కాపాడుకోలేకపోయాం. చందవరంలో చోరీకి గురైన బౌద్ధ శిల్ప ఫలకం ఒకటి చేతులు మారి ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరి, 2016లో గానీ మన దేశానికి తిరిగి రాలేదు.

చీరాల చదువరి:
రొట్టెల పండుగ గురించి మీరన్న దానిలో ఒక్క మాటా కాదనను. అయితే మన వైపు ఇంకో చెరువూ ఉంది. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, దళితులు తాగే నీళ్లను మురికి చేయడాన్ని ప్రశ్నించడంతో మొదలైన గొడవ 1985 జులై 17న ఆరుగురు దళితుల హత్య దాకా వెళ్లింది. ఊరు విడిచినవారు చీరాల విజయనగర్ కాలనీలో స్థిరపడ్డారు. ఆ చెరువుకు పండుగ లేదు. దాన్ని గుర్తుంచుకోవడానికి వేరే చోటు కావాలి.

మ్యూజియంలోనూ దాటవేతలుంటాయి. 1514లో ఒడిశా గజపతి రాజుల నుంచి ఉదయగిరి కోటను గెలుచుకున్న శ్రీకృష్ణదేవరాయలు అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తీసుకెళ్లి, దాని కోసం హంపీలో గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. పక్కన కాలం, శిలారకం రాసి ఊరుకుంటే చూసేవాడు మొక్కి ముందుకు పోతాడు. ఒక హిందూ రాజు ఇంకో హిందూ రాజు కోటలోని దేవుణ్ణి గెలుపు గుర్తుగా పట్టుకుపోయాడని కూడా రాస్తే, పాత యుద్ధాలన్నిటినీ మతంతోనే లెక్కగట్టే అలవాటు కాస్త తడబడుతుంది. అలాగే కరువు తర్వాత, 1878 జులై 3న, ఒంగోలు బాప్టిస్టు మిషన్ ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. వారిని నడిపించింది విశ్వాసమా, ఆత్మగౌరవమా, ఆకలా? ఈ మూడు వాదనలకూ ఒకే గోడ మీద చోటిచ్చే మ్యూజియం నాకు కావాలి.

పెన్నా తీరం:
కారంచేడును మరిచి మాట్లాడాను, ఒప్పుకుంటున్నాను. అయినా ఆ గోడ మీద రాసేదెవరు? ప్రభుత్వం రాస్తే ఎన్నికకొక రకంగా మారుతుంది. చంపినవారి మనుమలూ చనిపోయినవారి మనుమలూ ఒకే బడి బస్సులో వచ్చి దాని ముందు నిలబడితే మాస్టారు ఏం చెప్పాలి?

చీరాల చదువరి:
దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటను 1966లో తెల్లజాతివారి ప్రాంతంగా ప్రకటించి, 60 వేల మందికి పైగా అక్కడి నుంచి వెళ్లగొట్టారు. 1994లో అక్కడి పాత చర్చిలో తెరిచిన మ్యూజియం నేల మీద ఆ వీధుల పటం పరిచి, తమ ఇల్లు ఎక్కడుండేదో వెళ్లగొట్టబడినవారి చేతనే రాయించారు. విజయనగర్ కాలనీ పెద్దలు ఉండగానే, వారి చేత ఒక పటం, కారంచేడులో ఉండిపోయినవారి చేత మరొకటి గీయించవచ్చు. రెండూ సరిపోలకపోతే పక్కపక్కనే ఉంచుదాం. మాస్టారు ఏమీ చెప్పనక్కరలేదు. తేడా ఎక్కడుందో పిల్లలే వెతుక్కుంటారు.