అప్‌డేట్: ముదురు నీలం, గులాబీ గోడల మీద లేత రంగు నిలిచింది

విజయనగరంలోని మా ఇంటి పడకగదిలో ముదురు నీలం, గులాబీ రంగుల గోడలపై లేత మీగడ రంగు వేయించాలంటే పాతదంతా గీకించాలా అని గతంలో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

తడిగుడ్డతో రుద్ది చూడమన్న సూచనే దారి చూపింది. నీలం గోడ గుడ్డకు రంగు అంటించింది. అది పాత డిస్టెంపర్ (సుద్దపొడితో చేసే చవక గోడ రంగు) అని, దానిపై ఎంత మంచి ఎమల్షన్ (నీటితో కలిపే ప్లాస్టిక్ రంగు) వేసినా పొరలుగా ఊడిపోతుందని పెయింటింగ్ మేస్త్రి గారు తేల్చారు. కాబట్టి ఆ ఒక్క గోడను మాత్రమే గీకించి, దుమ్ము పూర్తిగా తుడిపించాము. గులాబీ గోడ ఎమల్షన్‌దే కావడంతో, మెరుపు పోయేలా ఉప్పుకాగితంతో రుద్దితే సరిపోయింది. తర్వాత రెండు గోడలకూ తెల్లని వాటర్ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) రెండు పూతలు, అది బాగా ఆరాక మీగడ రంగు రెండు పూతలు వేశారు. పాత రంగును కప్పింది నిజానికి ప్రైమరే, కనుక అక్కడ పొదుపు చేయవద్దని నా మనవి.

గదంతా పుట్టీ పెట్టించడం అనవసరమని తేలింది; మేకుల గుంతలకు, పగుళ్లకు పెడితే చాలింది. కిటికీ పక్కన గోడపై ఉన్న మరక చెమ్మ వల్ల వచ్చినది కాదు, కాబట్టి వాటర్‌ప్రూఫింగ్ కూడా అక్కరలేకపోయింది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో మాత్రం పూతకూ పూతకూ మధ్య డబ్బాపై రాసిన సమయం కంటే ఎక్కువే ఆగాల్సి వచ్చింది.